‘కట్’ ఒక్కటే చాలదు: కోసే, తరిగే, నరికే పనులకు సరైన ఇంగ్లీషు మాట ఎంచుకోవడం ఎలా

మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా, రాజురా వైపు గానీ, అటు ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ వైపు గానీ తెలుగిళ్లలో పెరిగే పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ అలవాటు. మూడింటిలోనూ తడుముకోకుండా మాట్లాడతారు. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి మాత్రం పదునున్న వస్తువుతో చేసే ప్రతి పనీ ‘కట్’ అయిపోతుంది. ఉల్లిగడ్డ కట్, టేకు చెట్టు కట్, జుట్టు కట్, మార్కులు కట్, ఫోన్ కట్. చదివేవాళ్లకు విషయం ఎలాగో అందుతుంది. కానీ వంట విధానం రాస్తే వంకాయలు ముక్కలైపోతాయి, దరఖాస్తు రాస్తే గుమాస్తాకు సగమే అర్థమవుతుంది, పరీక్షలో అయితే మార్కు పోతుంది.

దీనికి పర్యాయపదాల జాబితా బట్టీ పట్టించడం మన దగ్గర అలవాటు. దానివల్ల మేలు తక్కువ. జాబితాలో ‘కట్’ పక్కనే ‘సెవర్’ ఉంటుంది. దాన్ని పట్టుకుని ‘మదర్ సెవర్డ్ ద వెజిటబుల్స్’ అని రాసే పిల్లలున్నారు. సెవర్ అంటే ఒకటిగా ఉన్నది పూర్తిగా తెగి వేరుపడటం. చెయ్యి, కేబుల్, సంబంధం లాంటివాటికి వాడతారు. జాబితా ఆ సంగతి చెప్పదు.

తరగడం, కోయడం, నరకడం, కత్తిరించడం, చీల్చడం, చెక్కడం, తెంపడం, గాటు పెట్టడం వేరువేరు పనులని తెలుగింటి పిల్లకు ఐదేళ్లకే తెలుసు. కాబట్టి తెలుగు నుంచే మొదలుపెడదాం. రెండు భాషలూ కలిసే చోట త్వరగా దాటిపోవచ్చు. కలవని చోట ఎక్కువసేపు ఆగాలి.

1. ముందు తెలుగు వాక్యాలు రాయండి

ఒక రూళ్ల నోటుబుక్కు, ఉదాహరణ వాక్యాలు ఇచ్చే ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకోండి. విద్యార్థుల కోసం చేసిన ‘లర్నర్స్’ రకం నిఘంటువైతే మేలు, ఫోన్‌లో ఉన్నదైనా సరే. తెలుగు మాటకు అర్థాలు చూడాలంటే బ్రౌన్ నిఘంటువు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. రోజెట్ థిసారస్ (పర్యాయపదాల నిఘంటువు) ఉంటే ప్రస్తుతానికి మూసి పక్కన పెట్టండి. చిత్రంగా ఆ థిసారస్, బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు రెండూ 1852లోనే అచ్చయ్యాయి. థిసారస్ తెలిసిన మాటను గుర్తు చేస్తుంది, అంతవరకే. తెలియని మాట నేర్పడం దాని పని కాదు.

పేజీని నిలువుగా ఐదు గళ్లు చేయండి: తెలుగు వాక్యం, పనిముట్టు, ముక్క ఎలా వచ్చింది, ఎవరు చేశారు, ఇంగ్లీషు మాట. చివరి గడి ఖాళీగా ఉంచండి. ఇల్లు, పొలం, దర్జీ కొట్టు, ఆస్పత్రి, ఆఫీసు నుంచి పదిహేను, ఇరవై వాక్యాలు రాయండి. నోటికి ఎలా వస్తే అలాగే రాయాలి. ‘అమ్మ వంకాయలు తరుగుతోంది’, ‘మామ కట్టెలు కొడుతుండు’, ‘వరి కోతకొచ్చింది’, ‘చెప్పు తెగింది’, ‘అక్క పూలు కోసుకొచ్చింది’, ‘కటింగ్ చేయించుకున్న’. ఒక పనికి నోట్లో మరాఠీ మాటే ముందొస్తే దాన్నీ పక్కన రాసుకోండి. తప్పులు ఎక్కడ పుడుతున్నాయో తర్వాత అదే చూపిస్తుంది.

2. ఏ పనిముట్టుతో?

ఇంగ్లీషు క్రియల్లో చాలావాటి లోపల పనిముట్టు దాగి ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం వాక్యాలు తేలిపోతాయి.

కత్తెర అయితే స్నిప్, క్లిప్, ట్రిమ్. స్నిప్ అంటే టక్కున ఒక చిన్న కత్తిరింపు: దారం కొస, చొక్కా లేబుల్. క్లిప్ గోళ్లకు, పేపర్లోంచి ప్రకటన కత్తిరించడానికి. ట్రిమ్ అంటే ఉన్న ఆకారం చెడకుండా అంచుల్లో కొంచెం తీయడం: గడ్డం, కంచె మొక్కలు, చీర అంచు దారాలు. దర్జీ కొలత పెట్టి బట్ట కత్తిరిస్తే మాత్రం మామూలు కట్ చాలు. అక్కడ స్నిప్ అంటే బట్టకు చిన్న గాటు పెట్టాడని అర్థం వస్తుంది.

మంగలి కత్తికి షేవ్. గొర్రె ఉన్ని తీసే పెద్ద కత్తెరకు షియర్. పచ్చిక కోసే యంత్రానికి మో. రంపానికి సా. ఉలికి కార్వ్. కార్వ్ అన్న మాటే ఒకప్పుడు ఇంగ్లీషులో కోయడానికి మామూలు మాట. కట్ వచ్చి దాని చోటు ఆక్రమించాక అది కొయ్యకూ రాతికీ, బల్ల మీద పెట్టిన వండిన పెద్ద మాంసపు ముక్కను పలకలుగా కోయడానికీ మిగిలింది. అందుకని కొట్లో పచ్చి మటన్ కొట్టినదానికి కార్వ్ వాడకూడదు.

చెక్కడం దగ్గర మరో చిక్కుంది. తెలుగులో బొమ్మ చెక్కుతాం, పెన్సిల్ చెక్కుతాం, బీరకాయ చెక్కు తీస్తాం. ఇంగ్లీషులో మూడూ వేరు: బొమ్మకు కార్వ్, పెన్సిల్‌కు షార్పెన్, బీరకాయకు పీల్. ‘కార్వ్ ద పెన్సిల్’ అంటే పెన్సిల్ మీద శిల్పం చెక్కమన్నట్టు.

గొడ్డలి దగ్గర మాటలు ఎక్కువ, ఈ అడవి జిల్లాల్లో అవసరమూ ఎక్కువే. మొద్దును అడ్డంగా నరికితే చాప్. నార వెంట నిలువునా చీలిస్తే స్ప్లిట్. పొయ్యి కోసం కట్టెలు కొట్టడానికి మొత్తంగా ‘చాప్ ఫైర్‌వుడ్’ అనవచ్చు. నిలబడి ఉన్న చెట్టును మొదలంటా పడగొడితే ఫెల్, లేదా కట్ డౌన్. డౌన్ లేకుండా ‘కట్ ద ట్రీ’ అంటే ఎక్కడో ఒక చోట గాటు పెట్టారనే అర్థమూ వస్తుంది. కొమ్మలు మాత్రం కొట్టేస్తే లాప్. మళ్లీ చిగురించి కాపు బాగా రావాలని కొమ్మలు తీస్తే ప్రూన్. మరాఠీ ‘ఛాటణీ’ ఈ ప్రూన్‌కు సరిగ్గా సరిపోతుంది. హ్యాక్ అంటే ఇష్టం వచ్చినట్టు మొరటుగా నరకడం. వార్తల్లో ‘నరికి చంపారు’ అన్నచోట కనిపించే మాట అది, కట్టెలకు వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఫెల్ గురించి ఇంకొంచెం తెలుసుకోవాలి. ఆల్లపల్లి, సిరొంచ ప్రాంతం టేకు అడవులది. పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా ఆఫీసు కాగితాల్లో ఈ మాటే ఎదురవుతుంది. చట్టం పేరులోనే ఉంది: మహారాష్ట్ర ఫెలింగ్ ఆఫ్ ట్రీస్ (రెగ్యులేషన్) యాక్ట్, 1964. దరఖాస్తులో ‘కటింగ్ పర్మిషన్’ కంటే ‘పర్మిషన్ ఫర్ ఫెలింగ్’ అని రాయండి, ఎన్ని చెట్లో, ఏ జాతివో దాని వెంటే చేర్చండి. రూపాల దగ్గర జాగ్రత్త. ‘ఫాల్’ (పడు) భూతకాలం ‘ఫెల్’. ‘ఫెల్’ (పడగొట్టు) భూతకాలం ‘ఫెల్డ్’. ‘ద ట్రీ ఫెల్’ అంటే చెట్టు దానంతటదే పడింది. ‘దే ఫెల్డ్ ద ట్రీ’ అంటే వాళ్లు కొట్టి పడేశారు. గాలివానకు పడ్డ చెట్టు గురించి రాస్తూ ‘ఫెల్డ్’ అన్నారంటే చేయని నేరం మీరే ఒప్పుకున్నట్టు.

కొడవలితో వరి కోతకు పాతకాలపు మాట రీప్. ఇప్పుడది ఎక్కువగా ‘ఫలితం అనుభవించడం’ అనే అర్థంలోనే కనిపిస్తుంది. పంట ఇంటికి చేర్చే పని మొత్తానికి హార్వెస్ట్ రాయండి. కొడవలి పట్టి చేసే పనిని మాత్రమే చెప్పాలంటే ‘కటింగ్ ప్యాడీ’ సరైనదే. చెరకుకూ కట్ వాడాలి. నాందేడ్ వైపు ‘ఊస్‌తోడ్’ అన్న మాట విని విని ‘బ్రేకింగ్ షుగర్‌కేన్’ అని రాస్తుంటారు. చెరకు నరికే కూలీలను ఇంగ్లీషులో ‘కేన్ కట్టర్స్’ అంటారు.

3. ముక్క ఎలా వచ్చింది?

వంటింటి మాటలకు కత్తిపీటా (కొన్నిళ్లలో ఈలపీట, మరాఠీవాళ్లకు విళీ) చాకూ అన్న తేడా లేదు. ముక్క ఆకారం, మందం చూసే మాట ఎంచుకోవాలి.

పలచగా, వెడల్పుగా పలకలైతే స్లైస్: ఉల్లి చక్రాలు, కీర, రొట్టె. ఆకారం పట్టింపు లేకుండా ముక్కలైతే చాప్. మరాఠీ ‘చిరణే’, మన ‘తరగడం’ చాలాసార్లు ఇదే. ముక్కలన్నీ ఒకే కొలతలో పాచికల్లా ఉంటే డైస్. చిన్న డైస్ పావు అంగుళం, నడిమి డైస్ అర అంగుళం, పెద్దది ముప్పావు అంగుళం. ఉప్మాలో వేసే క్యారెట్ చిన్న డైస్, సాంబారు ముక్క పెద్ద డైస్. అల్లం వెల్లుల్లి ఇంకా కిందికి, దాదాపు ముద్ద అయ్యేంత సన్నగా తరిగితే మిన్స్. ఖీమా కూడా మిన్సే. క్యాబేజీ సన్నగా పొడుగ్గా తరిగితే ష్రెడ్. కొబ్బరి తురిమితే గ్రేట్. ఇందులో కోత లేనే లేదు, ‘కట్ కోకోనట్’ అంటే చదివినవాళ్లు ముక్కలు వేస్తారు.

ఆవకాయ మామిడికాయను టెంకతో సహా ముక్కలు కొట్టిస్తాం. అక్కడ చాప్. స్లైస్ అని రాస్తే టెంక వదిలేసి పైకండ పలచగా కోసుకుంటారు, ఆ ముక్క జాడీలో నెల తిరక్కుండానే మెత్తబడుతుంది.

ఒక చిన్న మాట దగ్గర చాలామంది జారతారు. ముక్కలుగా కోయడానికి ‘ఇన్‌టు’ కావాలి: ‘కట్ ద కేక్ ఇన్‌టు ఎయిట్ పీసెస్’. ‘కట్ టు పీసెస్’ అంటే తునాతునకలు చేయడం, యుద్ధాల్లో సైన్యాలకు వాడే మాట. ‘కట్ ఇన్’ అంటే మాట మధ్యలో దూరడం.

4. విడిపోయిందా, అతుక్కునే ఉందా?

అతుక్కునే ఉంటే స్లిట్, స్కోర్, నిక్. విడిపోతే కట్ ఆఫ్, చాప్ ఆఫ్, సెవర్.

గుత్తివంకాయ కూర ఇంగ్లీషులో రాసి చూడండి. తొడిమ దగ్గర వదిలేసి, కింది నుంచి ప్లస్ ఆకారంలో రెండు గాట్లు పెట్టాలి. ‘కట్ ద బ్రింజాల్స్ ఇన్‌టు ఫోర్’ అంటే నాలుగు విడి ముక్కలు వస్తాయి, కారం కూరడానికి చోటే ఉండదు. ‘మేక్ టు డీప్ స్లిట్స్, కీపింగ్ ద స్టెమ్ ఎండ్ ఇంటాక్ట్’ అనాలి. పోపులో వేసే పచ్చిమిర్చి నిలువునా చీల్చడమూ స్లిట్టే. స్ప్లిట్ అంటే రెండు చీలికలు విడిపోవచ్చు, గింజలు నూనెలో పడి మాడతాయి. పలికేటప్పుడు దగ్గరగా వినిపించే ఈ రెండు మాటలను కలిపేయకండి.

మసాలా లోపలికి దిగడానికి చేప మీద పైపైన పెట్టే వరస గాట్లకు స్కోర్. గీసుకునేటప్పుడు గడ్డం మీద పడే చిన్న గాటు నిక్. పొడవుగా, లోతుగా పడ్డ గాయం గ్యాష్. ఈ మూడింట్లో నిక్ అన్నిటికంటే చిన్నది, గ్యాష్ అన్నిటికంటే లోతైనది.

ఆస్పత్రి కాగితాల్లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. డాక్టరు కావాలని పెట్టే కోత ఇన్సిషన్. అవయవం తీసేయడం ఆంప్యుటేషన్. గాయాల రిపోర్టులో ‘ఇన్సైజ్డ్ వూండ్’ అంటే పదునైన ఆయుధంతో తెగిన గాయం, అంచులు నీటుగా ఉంటాయి. ‘లాసరేటెడ్ వూండ్’ అంటే రాయి, కర్ర లాంటి మొద్దు వస్తువు తగిలి చర్మం చిట్లిన గాయం, అంచులు చిందరవందరగా ఉంటాయి. రెండింటినీ ‘కోసుకుపోయిన గాయం’ అని తెలుగు చేస్తే, దెబ్బ కత్తితో తగిలిందా కర్రతో తగిలిందా అన్న సంగతే పోతుంది. కేసు మొత్తం దాని మీదే నిలబడి ఉండొచ్చు. మొదటిదాన్ని ‘తెగిన గాయం’, రెండోదాన్ని ‘చిట్లిన గాయం’ అని వేరు చేయండి.

5. ఎవరు చేశారు? దానంతటదే జరిగిందా?

ఇది తెలుగువాళ్లు ఎక్కువగా తప్పే చోటు. కారణం మన క్రియల్లోనే ఉంది. ‘తెంచాడు’ అంటే ఒకరు చేసిన పని, ‘తెగింది’ అంటే జరిగిపోయిన పని, ‘కోయించాడు’ అంటే ఇంకొకరితో చేయించినది. ఒక్క అక్షరం మారితే చాలు. ఇంగ్లీషు కట్‌కు ఆ వెసులుబాటు లేదు, వాక్యం కట్టుబడినే మార్చుకోవాలి.

‘వేలు తెగింది’ని ‘మై ఫింగర్ కట్’ అని రాయకండి. మరాఠీ ‘బోట్ కాపలం’ కూడా ఇదే గోతిలోకి లాగుతుంది. పొరపాటున జరిగినా ఇంగ్లీషులో చేసింది మీరే: ‘ఐ కట్ మై ఫింగర్’. విన్నవాళ్లెవరూ కావాలని కోసుకున్నారనుకోరు. ఇక్కడ పొరపాటున ‘ఆఫ్’ చేర్చారా, వేలు ఊడిపోయినట్టే.

‘చెప్పు తెగింది’, ‘తాడు తెగింది’, ‘తీగ తెగింది’లో కత్తి లేదు, బరువుకో పాతబడో తెగాయి. వీటికి కట్ పనికిరాదు. బిగుతుకు ఫట్‌మని తెగితే స్నాప్, మామూలుగా బ్రేక్: ‘ద స్ట్రాప్ బ్రోక్’, ‘ద రోప్ స్నాప్డ్’. కరెంటు తీగ తెగిపడిందని ఆఫీసుకు రాసేటప్పుడు ‘ద వైర్ వాజ్ కట్’ అంటే ఎవరో కోశారని ఫిర్యాదు చేసినట్టవుతుంది.

చేయించుకున్న పనికి ‘హాడ్’ లేదా ‘గాట్’ పెట్టి, వస్తువు మధ్యలో ఉంచండి: ‘ఐ హాడ్ మై హెయిర్ కట్’. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారని ముందుగా స్ఫురిస్తుంది. మాటల్లో వాళ్లూ అప్పుడప్పుడు వదులుగా అంటుంటారు గానీ పరీక్షలో, రాతలో ఆ వదులు వద్దు. తెలుగు వాక్యంలో ‘ఇంచు’ వినిపించగానే ఇంగ్లీషులో ‘హాడ్’ రావాలి, ఈ లెక్క దాదాపు తప్పదు. చెట్టు కొట్టించాం: ‘వుయ్ హాడ్ ద ట్రీ కట్ డౌన్’. ఇక సెలూన్ బోర్డు మీది ‘హెయిర్ కటింగ్’ బోర్డుకే పరిమితం, చేయించుకున్నదాన్ని ‘హెయిర్‌కట్’ అంటారు.

6. మన ‘కోయు’, మరాఠీ ‘తోడణే’ చాలా దూరం వెళ్తాయి

పూలు కోస్తాం, మామిడికాయలు కోస్తాం. కత్తి అక్కర్లేదు. ఇంగ్లీషులో అది పిక్ లేదా ప్లక్. పిక్ మామూలుగా తెంపడం, ప్లక్ ఒక చిన్న లాగుడుతో తెంపడం. పూలకు రెండూ నడుస్తాయి, కోడి ఈకలకు ప్లక్ ఒకటే. ‘షి కట్ ద ఫ్లవర్స్’ అంటే కాడలు కత్తెరతో కోసిందని. పత్తికి మనమే ‘ఏరడం’ అంటాం కాబట్టి పిక్ తేలిగ్గా తడుతుంది, అక్కడ తప్పు జరగదు.

మరాఠీ ‘తోడణే’ ఇంకా వెడల్పు. పువ్వు తెంపినా, చెట్టు కొట్టినా, కట్టె విరిచినా అదే మాట. ఆ అలవాటుతో తునికాకు గురించి రాస్తే ‘బ్రేకింగ్ తెండూ లీవ్స్’ అయి కూర్చుంటుంది. పిక్, ప్లక్ రాయండి, మొత్తం పని గురించి అయితే కలెక్షన్. వాక్యం మరాఠీలో తట్టినప్పుడు ముందు తెలుగులోకి తిప్పి చూడండి: తెంపడమా, నరకడమా, విరవడమా? తెలుగులో విడిపోయినవి ఇంగ్లీషులోనూ విడిపోతాయి.

మేకను కోయడానికి స్లాటర్. ‘దే కట్ ఎ గోట్’ మన దేశంలో అర్థమవుతుంది గానీ బయటివాళ్లకు మేకకు గాయం చేశారన్నట్టుంటుంది.

7. కత్తి లేని కోతలు

ఆఫీసు కాగితాల్లో పని చెడగొట్టేవి ఎక్కువగా ఇవే. అకౌంటు నుంచి డబ్బులు కట్ అయితే ‘డెబిటెడ్’. జీతంలోంచి కట్ అయితే ‘డిడక్టెడ్’, దాని వెంట ‘ఫ్రమ్’. జీతమే తగ్గిస్తే ‘పే కట్’. ఇది ఒక నెల కోత కాదు, కొత్త జీతమే తక్కువ. మార్కులు కట్ చేస్తే ‘డిడక్టెడ్’ లేదా ‘టుక్ ఆఫ్’. జాబితాలో పేరు కట్ అయితే ‘స్ట్రక్ ఆఫ్’ లేదా ‘డిలీటెడ్’. రేషన్ కార్డు ఫిర్యాదులో ‘మై నేమ్ ఈజ్ కట్’ అని రాస్తే చదివే గుమాస్తా పేరు తీసేశారా, స్పెల్లింగు కొట్టేశారా అని మళ్లీ మిమ్మల్నే అడుగుతాడు.

కాల్ కట్ చేశాడు: ‘హి హంగ్ అప్’. కాల్ కట్ అయింది: ‘ద కాల్ డ్రాప్డ్’, ‘వుయ్ గాట్ కట్ ఆఫ్’. క్లాసు కట్ కొట్టాడు: ‘స్కిప్డ్’, స్నేహితుల మధ్య అయితే ‘బంక్డ్’.

కరెంటు కోతకు పవర్ కట్, అమెరికాలో పవర్ ఔటేజ్. ముందే వేళలు చెప్పి వంతులవారీగా తీసేదాన్ని మహారాష్ట్రలో అందరూ లోడ్ షెడ్డింగ్ అంటారు, మరాఠీ ప్రకటనల్లో ‘భారనియమన్’. వానకు తీగ తెగి కరెంటు పోయిన రోజు లోడ్ షెడ్డింగ్ అని ఫిర్యాదు చేస్తే, వేళ ప్రకారమే తీశామన్న జవాబు రావచ్చు.

గోదావరి, ప్రాణహిత ఒడ్డు పొలాలవాళ్లు నది కోత గురించి రాయాల్సి వస్తుంటుంది. ఏటా కొంచెం కొంచెం మట్టి జారిపోతుంటే ‘ఎరోడెడ్’. ఒక్క వరదకే కొట్టుకుపోతే ‘వాష్డ్ అవే’. పరిహారం దరఖాస్తులో ఈ తేడా ముఖ్యం: మొదటిది ఏళ్ల తరబడి జరిగింది, రెండోదానికి తేదీ ఉంటుంది. ఆ తేదీ కూడా రాయండి.

కొన్ని తెలుగు మాటలను అలాగే ఇంగ్లీషులోకి దింపితే ప్రమాదం. ‘నా గొంతు కోశాడు’ అంటే నమ్మించి మోసం చేశాడని. ‘హి స్లిట్ మై త్రోట్’ అన్నారంటే పోలీసులు వస్తారు, ‘బిట్రేడ్’ రాయండి. ‘కోతలు కోస్తాడు’ బోస్ట్. ‘కడుపుకోత’కు ఒక్క మాట లేదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధ అని విడమర్చి చెప్పాల్సిందే. అలాగే మహారాష్ట్రలో ‘కటింగ్ చాయ్’ అంటే అర గ్లాసు టీ. బయటి రాష్ట్రాల చుట్టాలకు ఇంగ్లీషులో చెప్పాలంటే ‘హాఫ్ ఎ గ్లాస్ ఆఫ్ టీ’.

8. మాట బరువు చూడండి

ఒక ధర తగ్గింది. ‘రెడ్యూస్డ్’ అంటే అధికారి మాట, వేడీ చల్లదనం లేదు. ‘కట్’ అంటే సూటిగా. ‘స్లాష్డ్’ అంటే కత్తి విసిరినట్టు ఒక్కసారిగా చాలా తగ్గించారని. పేపరు శీర్షికకు, దుకాణం బోర్డుకు స్లాష్డ్ బాగుంటుంది. రెండు శాతం తగ్గినదానికి స్లాష్డ్ అబద్ధమే. దరఖాస్తుల్లో రెడ్యూస్డ్ దాటకండి.

9. రూపాలు

కట్–కట్–కట్. ‘కటెడ్’ లేదు. ఎస్ లేకుండా ‘హి కట్’ అంటే నిన్న కోశాడు, ‘హి కట్స్’ అంటే రోజూ కోస్తాడు. ఆ ఒక్క అక్షరమే కాలాన్ని చెబుతుంది. స్లిట్, స్ప్లిట్ కూడా మారవు. ఈ మూడింటికీ ‘ఇంగ్’ చేరిస్తే టి రెండుసార్లు. చాప్, ట్రిమ్, స్నిప్, క్లిప్‌లకూ చివరి హల్లు రెండవుతుంది: చాప్డ్‌లో రెండు పి, ట్రిమ్డ్‌లో రెండు ఎమ్. సా–సాడ్–సాన్, మో–మోడ్–మోన్, షియర్–షియర్డ్–షోర్న్.

10. ఖాళీ గడి నింపి, సరిచూసుకోండి

ఇప్పుడు ఐదో గడి నింపండి. ప్రతి మాటనూ నిఘంటువులో తీసి అర్థం కంటే ముందు ఉదాహరణ వాక్యాలు చూడండి. ఆ వాక్యాల్లో ఏ వస్తువులున్నాయి? ప్రూన్ దగ్గర గులాబీలు, ద్రాక్ష తీగలు ఉండి, మీ వాక్యంలో ఎండిన మోడు ఉంటే మాట తప్పు. తర్వాత ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చూడకుండా ఇంకొకరితో తెలుగు చేయించండి. ‘తరిగింది’ అని మొదలుపెట్టినది ‘నరికింది’ అని తిరిగొస్తే ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది. థిసారస్ ఇప్పుడు తెరవండి, మీరు మరిచిన మాట ఏదైనా ఉందేమో చూడటానికి. వారానికి నాలుగైదు మాటలకు మించి ఎక్కించుకోవద్దు. ఒకే పూట స్లైస్, స్లిట్, స్ప్లిట్, స్లాష్ చదివితే నాలుగూ కలగాపులగం అవుతాయి. వంటింటి మాటలు ఒక వారం, గొడ్డలి మాటలు ఒక వారం, ఆఫీసు మాటలు ఒక వారం పెట్టుకోండి.

కింది ఎనిమిదింటిని జవాబు చూడకుండా ప్రయత్నించండి: నానమ్మ మల్లెపూలు కోసింది, బెండకాయలు చక్రాలుగా తరుగు, గాలివానకు చింతచెట్టు పడింది, అన్న గడ్డం కొంచెం తీయించుకున్నాడు, పతంగి దారం చేతిలోనే తెగింది, సర్ రెండు మార్కులు కట్ చేశాడు, బాబాయి మొద్దు నిలువునా చీల్చాడు, మా పేర్లు జాబితాలోంచి కొట్టేశారు.

జవాబులు వరసగా: పిక్డ్; స్లైస్; ఫెల్; హాడ్ హిజ్ బియర్డ్ ట్రిమ్డ్; స్నాప్డ్; డిడక్టెడ్; స్ప్లిట్; స్ట్రక్ ఆఫ్. మూడోదానికి ‘ఫెల్డ్’ అని రాసి ఉంటే రెండో మెట్టు, ఐదోదానికి ‘కట్’ అని రాసి ఉంటే ఐదో మెట్టు మళ్లీ చదవండి. ఐదోదానిలో ఒక మెలిక ఉంది: పక్క మేడ మీదివాళ్ల మాంజా తగిలి తెగి ఉంటే మాత్రం ‘వాజ్ కట్’ అన్నదే సరైన జవాబు.